లాకుల దగ్గరి బోర్డు

తెనాలి,
18-7-1974, గురువారం

నా బంగారు తల్లి మున్నీసాకు, మీ అబ్బా సలాములతో, దీవెనలతో రాస్తున్న ఉత్తరం.

అల్లా దయవల్ల ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసా. రేపల్లెలో నువ్వూ, నీకు గది అద్దెకిచ్చి కన్నబిడ్డలా చూసుకుంటున్న మాణిక్యమ్మగారూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ ఉత్తరం సోమవారం పొద్దున అందింది. ఎప్పుడైనా అందిన రోజే జవాబు రాసేవాణ్ణి, ఈసారి మూడు రోజులు పట్టింది. పని ఒత్తిడీ కాదు, ఒంట్లో బాగాలేకా కాదు. ఎందుకో ఈ ఉత్తరంలోనే నీకు తెలుస్తుంది. ముందు నువ్వు అడిగినవన్నీ వరసగా చెప్పనీ. అలా చెబుతూ పోతే అసలు సంగతి దగ్గరికి వచ్చే ధైర్యం వస్తుందేమోనని ఆశ.

మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు పంపిన తైలం వల్లనో, వానలు మొదలవడం వల్లనో తెలియదు గానీ, తైలం వల్లనే అని ఆమె వీధంతా చెబుతోంది. "మా అమ్మాయి టీచరమ్మ, రేపల్లె నుంచి పంపింది" అని మొదలుపెట్టాక గానీ నొప్పి సంగతి ఎత్తదు. తమ్ముడు వలి బాపట్లలో బాగానే ఉన్నాడు. మంగళవారం వెళ్ళి చూసి వచ్చాను. ట్రాక్టర్ల షెడ్డులో వాడికిప్పుడు మంచి పేరు. ఇంజను మీద అరచెయ్యి పెట్టి జబ్బేంటో చెప్పేస్తాడట. "డాక్టరు నాడి చూసినట్టు చూస్తాడండీ మీవాడు" అన్నాడు షెడ్డు యజమాని. కాస్త చిక్కాడు. హోటలు తిండి కదా.

ఇక నీ మొదటి ప్రశ్న. ఒకటో తరగతి గోడకు అట్టల మీద మాటలు రాసి తగిలించావనీ, ముందు వరస పిల్లలు చదువుతున్నారు గానీ వెనక వరస వాళ్ళు ఊహించి చెబుతున్నారనీ రాశావు. "నువ్వు బోర్డుల మీద రాసే లావు అక్షరం నాకు నేర్పు అబ్బా" అన్నావు. నేర్పుతాను. చేతిలో పని, కాగితం మీద ఎంత వస్తుందో చూద్దాం.

బజారులో బట్టల కొట్ల మీద ఉండే సోకు అక్షరాలు గుర్తు తెచ్చుకో. గీత వెంట్రుకలా సన్నగా మొదలవుతుంది, మధ్యలో ఉబ్బుతుంది, చివరకు తోక తిప్పుకుని పోతుంది. తలకట్టుకు ఒక కొక్కెం, కొమ్ముకు ఒక మెలిక. ఇంగ్లీషు అక్షరాలకైతే కాళ్ళ చివర చిన్న చిన్న పాదాలు కూడా పెడతారు. లావు అక్షరానికి ఇవేవీ ఉండవు. పాదం లేదు, తోక లేదు. మొదటి నుంచి చివరి దాకా గీతకు ఒకటే మందం. చివర కత్తితో కోసినట్టు ఆగిపోవాలి. అంతే దాని అందం. నగలన్నీ తీసేసి, స్నానం చేసి, ఉతికిన తెల్లచీర కట్టుకుని నిలబడ్డ మనిషిలా ఉంటుంది.

చూసినవాళ్ళు ఇదెంత పని అనుకుంటారు. సోకు అక్షరంలో చెయ్యి వణికితే ఆ వణుకునే ఇంకో మెలిక చేసెయ్యొచ్చు, ఎవరికీ తెలియదు. లావు అక్షరంలో తప్పు దాక్కోవడానికి చోటుండదు. అందుకని కొలత ముఖ్యం. అక్షరం ఆరు వేళ్ళ ఎత్తు ఉంటే గీత మందం ఒక వేలు. లావు అన్నాను కదా అని రెండు వేళ్ళు చేశావో, 'మ'కీ 'య'కీ 'ఘ'కీ కడుపు పూడిపోయి నల్లటి ముద్దలవుతాయి. పిల్లవాడు చదివేది నల్లటి గీతను మాత్రమే కాదు తల్లీ, దాని లోపలి తెల్లటి ఖాళీని కూడా. ఒత్తుకు కింద చోటు ముందే ఉంచుకో. చోటు చాలక ఒత్తును నొక్కి సన్నగా రాసేవాళ్ళున్నారు. ఒత్తు కూడా పై అక్షరం అంత మందంగా, అంత స్పష్టంగా ఉండాలి. తెలుగులో మాట మారిపోయేది చాలాసార్లు ఆ ఒత్తు దగ్గరే.

నీ దగ్గర వెడల్పు బ్రష్షు లేదు కదా, వెదురు పుల్లను వేలెడు వెడల్పున చెక్కి, చివర కాస్త నలగ్గొట్టి నల్ల సిరాలో ముంచు. రాశాక అట్ట గోడకు తగిలించి ముప్పై అడుగులు వెనక్కి నడువు. కళ్ళు సగం మూసి చూడు. మాట అప్పుడు కూడా తేలితే అది మంచి అక్షరం. తేలకపోతే దగ్గరికెళ్ళి ఎంత అందంగా ఉందో చూసుకోకు, చింపేసి మళ్ళీ రాయి.

ఈ అక్షరం అన్నిచోట్లా పనికిరాదు, అది కూడా తెలుసుకోవాలి. ఒక మాట, మహా అయితే నాలుగు మాటలు. నడుస్తూ చదవాల్సినవి, బస్సు కిటికీలోంచి చదవాల్సినవి, చూపు తగ్గినవాళ్ళూ అప్పుడే అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళూ చదవాల్సినవి. ఊరి పేరు, ఆసుపత్రి, మందుల షాపు, రైలు గేటు. చెరుకుపల్లిలో పురుగుమందుల కొట్టాయన ఎండ్రిన్ డబ్బాలు పెట్టే బీరువా తలుపు మీద పేరు అందంగా రాయమని పిలిచాడు. పేరు సంగతి పక్కన పెట్టి, తలుపు నిండా 'విషం' అని రెండే అక్షరాలు రాశాను. మొదట మొహం మాడ్చుకున్నాడు. తర్వాత వాళ్ళ అమ్మగారు ఆ తలుపు వైపు చూసి, కాఫీగ్లాసు తీసుకుని అవతలి గదిలోకి వెళ్ళడం చూసి ఊరుకున్నాడు.

మన పాండురంగారావుగారు మాత్రం నా మాట వినలేదు. కూతురి పెళ్ళికి వీధి మొదట్లో కట్టే గుడ్డ మీద 'శుభాహ్వానం' అని ఆ లావు అక్షరాలతోనే రాయించాడు. "మీ అక్షరం అంటే నాకు గురి అండీ" అన్నాడు. కట్టిన పూట ఆయన భార్య సుశీలమ్మగారు గుమ్మంలోకి వచ్చి చూసి, "ఇది పెళ్ళికి పిలవడమా, రావద్దని అదిలించడమా?" అంది. ఆ పూటే తీసి సన్న అక్షరాలతో, రెండు మల్లెమొగ్గలతో మళ్ళీ రాశాను. అలాగే పేజీలకు పేజీలు లావుగా రాస్తే పొద్దస్తమానం అరిచే మనిషి దగ్గర కూర్చున్నట్టుంటుంది. నీ అట్టల మీద 'ఆవు' అనే మాట లావుగా రాయి, 'ఆవు పాలు ఇచ్చును' అన్న వాక్యం మామూలుగా రాయి.

రెండో ప్రశ్న. మీ హెడ్‌మిస్ట్రెస్ దుర్గాంబగారు బడి గోడ మీద పేరు రాయించాలనీ, ఆవరణలో ఉన్న పాత బావి దగ్గర పిల్లల కోసం హెచ్చరిక బోర్డు పెట్టించాలనీ అనుకుంటున్నారనీ, నన్ను రమ్మన్నారనీ రాశావు. తప్పకుండా వస్తాను. కానీ ముందు ఈ ఉత్తరం చివరి దాకా చదివి, ఆ బావి బోర్డు రాయడానికి నేను తగినవాణ్ణో కాదో నువ్వే తేల్చాలి.

ఇప్పుడు నీ ఉత్తరం చివరి పేజీ దగ్గరికి వస్తున్నాను.

వచ్చేనెల ఇన్‌స్పెక్షన్‌కు అందరు టీచర్ల ముందూ నిన్ను పాఠం చదివి వినిపించమన్నారనీ, నువ్వు ఒప్పుకోలేదనీ రాశావు. "నేను చదివితే ఎక్కడ తప్పు పోతుందోనని భయం అబ్బా. ఒకసారి తప్పు చదివి తమ్ముడి ప్రాణాల మీదికి తెచ్చినదాన్ని. ఇప్పటికీ పోస్టుకార్డయినా రెండుసార్లు చదువుతాను" అన్నావు. దాని కిందే ఇంకోటి రాశావు. "నేను తప్పు చదివానని మా అబ్బా ఆ బోర్డు మొత్తం చెరిపి, ఇంకే పిల్లా పొరబడకుండా లావు అక్షరాలతో రాశాడు అని తరగతిలో చెబితే పిల్లలు నీకు చప్పట్లు కొట్టారు అబ్బా" అని.

ఆ చప్పట్లు మూడు రోజులుగా నా చెవుల్లో మోగుతున్నాయి.

నువ్వు తప్పు చదవలేదు మున్నీసా. ఆ రోజు బోర్డు మీద 'దిగవచ్చు' అనే ఉంది. అలా రాసింది నేను.

పదమూడేళ్ళ కిందటి మాట. అప్పట్లో నేను లావు అక్షరం రాసేవాణ్ణి కాదు. నాది సోకు చెయ్యి. మెలికలు, ఎర్రరంగు నీడలు, అక్షరం కొసన పూలరెక్క. చేసే పని అందంగా ఉండాలని కాదు, చూసి నన్ను మెచ్చుకోవాలని. కాలవ ఓవర్సీరు చలపతిరావుగారు లాకుల దగ్గర మెట్ల పక్కన పెట్టే బోర్డుకని ఒక చీటీ ఇచ్చారు. 'ఈ మెట్ల మీదుగా నీటిలోకి దిగవద్దు.' లాకుల కింద నీళ్ళు సుడి తిరుగుతాయి కదా, ఆ ఏడాది మెట్లు కూడా కోసుకుపోయాయి, అందుకని. నేను ఆ చివరి మాటకు నా విద్యంతా చూపించాను. 'ద'కీ 'చ'కీ తేడా ఒక్క చిన్న నొక్కు. నేను తిప్పిన ఒంపు, దాని పక్కన వేసిన ఎర్రనీడ కలిసి ఆ నొక్కు తయారైంది. కింది ఒత్తుకూ అదే సింగారం, అదీ అలాగే అయింది.

బోర్డు నిలబెట్టిన రోజే చలపతిరావుగారు చూసి, "బాగానే ఉంది గానీ మొహిద్దీన్ గారూ, ఆ ఆఖరి మాటేంటండీ? వద్దా, వచ్చా?" అన్నారు.

"కాస్త దూరం నుంచి చూడండి సార్, అందం అప్పుడు తెలుస్తుంది" అన్నాను.

"అందం సంగతి కాదండీ. రేపొకసారి వచ్చి సరిచెయ్యండి."

"అలాగేనండి" అన్నాను. మర్నాడు ఒక సోడా ఫ్యాక్టరీ బోర్డు మొదలుపెట్టాను. ఆ మర్నాడు కూడా దాని మీదే కూర్చున్నాను. పది నిమిషాల పని, రెండు ఫర్లాంగుల దూరం. వెళ్ళలేదు.

నాలుగో రోజు ఆదివారం. నీకు పదేళ్ళు, వలికి ఆరు. పడవలు చూపిస్తానని వాణ్ణి వెంటబెట్టుకుని లాకుల దగ్గరికెళ్ళావు. వాడు నీళ్ళలో కాళ్ళు పెడతానని మారాం చేశాడు. నువ్వు వాడి చెయ్యి వదలకుండా ముందు బోర్డు చదివావు. అందరికీ వినిపించేలా గట్టిగా చదివావని అక్కడ చాకిరేవులో ఉన్నవాళ్ళు తర్వాత చెప్పారు. అంత జాగ్రత్త ఏ పెద్దవాళ్ళకు ఉంటుంది తల్లీ! చదివాకనే దిగారు. మూడో మెట్టు మీద వలి జారాడు. ధాన్యం పడవ మీదున్న యాకోబు చూసి దూకకపోతే, వాడి జుట్టు చేతికి అందకపోతే, ఇవాళ నేను ఇది రాయడానికి బతికి ఉండేవాణ్ణి కాదు.

నేను పరుగెత్తుకుంటూ వచ్చేసరికి యాకోబు వాణ్ణి బోర్లా పడుకోబెట్టి నీళ్ళు కక్కిస్తున్నాడు. నువ్వు తడిబట్టలతో నిలబడి, "బోర్డు మీద దిగవచ్చని ఉంది, దిగవచ్చని ఉంది" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నావు. ఎవరూ తల తిప్పి బోర్డు వంక చూడలేదు. నేను చూశాను. రాసిన నా కళ్ళకు కూడా అది 'దిగవచ్చు' అనే కనపడింది.

వలి ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాడు. జ్వరం తగ్గింది, ఎడమ చెవికి చీము పట్టి వినికిడి పోయింది. అది నీకు తెలిసిందే. నీకు తెలియనిది వాడు పడిన మర్నాడు పొద్దున నేను చేసిన పని. ఆసుపత్రి వరండాలో నువ్వు మీ అమ్మ ఒళ్ళో నిద్రపోతున్నావు. నేను రంగు డబ్బాలు తీసుకుని లాకుల దగ్గరికెళ్ళాను. బోర్డు మొత్తం పసుపు రంగు పూసేశాను. అది ఆరీ ఆరకముందే నల్లరంగుతో, ఏ మెలికా లేకుండా, నా జన్మలో మొదటిసారి ఆ లావు అక్షరాలు రాశాను. ఇంకెవరూ ప్రమాదంలో పడకూడదని రాశాను, అది నిజమే. నేను పట్టుబడకూడదని కూడా రాశాను. ఏది ముందో నన్ను అడక్కు.

సాయంత్రం మీ జగన్నాథరావు మాస్టారు నిన్ను అక్కడికి తీసుకొచ్చారు. "ఏదీ, ఇప్పుడు చదువమ్మా" అన్నారు.

"ఈ మెట్ల మీదుగా నీటిలోకి దిగవద్దు" అని చదివావు.

"మరి నిన్న?"

నువ్వు నా వైపు చూశావు. "అబ్బా, నిన్న అక్షరాలు ఇలా లేవు కదా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నా నోట్లోంచి వచ్చింది ఇది: "అక్షరాలు మార్చానమ్మా, మాట మాత్రం అదే. నువ్వు తొందరలో చదివుంటావు. ఇకమీద ఎవరూ పొరబడకుండా లావుగా రాశాను."

నువ్వు కాసేపు బోర్డు వైపు చూసి తల ఊపావు. "నేనే తప్పు చదివాను" అన్నావు. నన్ను నమ్మడానికి నీ కళ్ళనే కాదనుకున్నావు. మర్నాడు బళ్ళో మాస్టారు నిన్ను బెంచీ ఎక్కించారని తెలిసి కూడా నేను కదల్లేదు.

చలపతిరావుగారు ఆ వారమే నా కొట్టుకు వచ్చారు. "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగారు. "నా బిడ్డ కదండీ, నేనే చెబుతాను. కొంచెం కోలుకోనివ్వండి" అన్నాను. ఆయన పెద్దమనిషి, నమ్మారు. నెల తిరక్కుండా ఆయనకు బదిలీ అయింది. నాకు లోపల హాయిగా అనిపించింది. అదీ చెబుతున్నాను, ఏదీ మిగుల్చుకోదలచుకోలేదు.

ఎందుకు దాచానంటే మొదట్లో భయం. కేసవుతుందని, ఇంకెవరూ పని ఇవ్వరని. అవి ఆరు నెలల భయాలు. తర్వాత పన్నెండేళ్ళు దాచింది భయం వల్ల కాదు. చదువు తక్కువవాళ్ళ మీద దయతో లావు అక్షరాలు రాస్తాడని ఊళ్ళో పేరొచ్చింది. ఆ పేరు నువ్వు అందరికంటే ఎక్కువ నమ్మావు. నువ్వు నన్ను అలా చూస్తుంటే నాకు బాగుండేది. నువ్వు ఆ ఏడాదంతా బళ్ళో నోరు విప్పి చదవకపోతే పిల్లకు సిగ్గు అని చెప్పుకున్నాను. ట్రైనింగులో పాఠం చెప్పడానికి నిలబడి ఏడ్చి కూర్చున్నావని రాసినప్పుడు కూడా, అల్లా నీకు ధైర్యమివ్వాలని దువా చేశాను. ఆ ధైర్యం నా దగ్గరే ఇరుక్కుని ఉందని తెలిసి కూడా.

మంగళవారం బాపట్ల వెళ్ళింది వలికి ఇదంతా చెప్పడానికే. షెడ్డు వెనక కొబ్బరిచెట్టు నీడలో వాడి కుడివైపు కూర్చుని చెప్పాను. వాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు. "నన్ను తిట్టరా" అన్నాను.

"నాకు పోయింది ఒక చెవి అబ్బా. అది పోయిందని నాకు గుర్తే ఉండదు. అక్కకేం పోయిందో నీకు తెలుసా? తను సినిమా పోస్టరు చదివినా, సరిగ్గా చదివానా లేదా అని నన్ను అడుగుతుంది. తను టీచరు, నేను ఏడో తరగతి తప్పినవాణ్ణి. నాకు చెప్పావు సరే. వెళ్ళి దానికి చెప్పు" అన్నాడు. బస్సు దాకా వచ్చాడు. ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే మీ అమ్మకు చెప్పాను. గౌస్ బీ నోరు నీకు తెలుసు కదా, చిన్న గ్లాసు పగిలితే వారం రోజులు చెబుతుంది. ఆ గౌస్ బీ రెండు రోజులు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కంచం పెట్టి వెళ్ళిపోయేది. నీ చిన్నప్పటి పలక ఇంకా పెట్టెలో ఉంది, దాన్ని తీసి తుడుస్తూ కూర్చునేది. ఇవాళ పొద్దున టీ గ్లాసు నా ముందు పెట్టి, "పిల్లకు ఉత్తరం రాశారా?" అంది. "లేదు" అన్నాను. "అయితే టీ తాగి కూర్చుని రాయండి. ఏదీ దాచకుండా రాయండి. అయ్యాక నాకు చదివి వినిపించండి" అంది.

మధ్యలో నిన్న జగన్నాథరావు మాస్టారి ఇంటికి కూడా వెళ్ళాను. రిటైరయ్యారు, చూపు బాగా తగ్గింది. నా గొంతు గుర్తుపట్టి కుర్చీ వెయ్యమన్నారు. నేను నిలబడే చెప్పాను. ఆయన పంచె అంచు నలుపుకుంటూ, "సరిగ్గా చదివిన పిల్లని బెంచీ ఎక్కించానా మొహిద్దీన్! నా క్లాసులో అంత బాగా చదివే పిల్ల ఇంకొకతి లేదయ్యా. ఆ ఆదివారమే వెళ్ళి ఆ బోర్డు చూసి ఉంటే నాకే తెలిసేది. నేనూ చూడలేదు" అన్నారు. తన తరఫున నీకు ఈ మాట రాయమన్నారు, రాస్తున్నాను: "మున్నీసా క్లాసులో ఫస్టు. అప్పుడూ ఫస్టే."

నన్ను క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. క్షమిస్తావో లేదో, ఎప్పటికి క్షమిస్తావో అది నీ ఇష్టం. నాకు కావలసింది ఒక్కటే. దుర్గాంబగారి దగ్గరికి వెళ్ళి ఆ పాఠం నువ్వే చదువుతానని చెప్పు. నీ కళ్ళలో తప్పు లేదు, నీ చదువులో తప్పు లేదు. పదేళ్ళప్పుడు, నీళ్ళ ఒడ్డున, తమ్ముడు చెయ్యి లాగుతున్నా ఆగి, ఉన్నది ఉన్నట్టు చదివావు. ఊళ్ళో ఒక్కదానివే చదివావు. ఇక తరగతి పిల్లలకు నా గురించి చెప్పిన కథ, దాన్ని నేనే వచ్చి సరిచేస్తాను. వాళ్ళ ముందు నిలబడి, బోర్డు ఎవరు తప్పు రాశారో, ఎవరు సరిగ్గా చదివారో చెబుతాను. నువ్వు వద్దంటే మానేస్తాను.

మీ అమ్మకు చదివి వినిపించాను. ఆమె నన్ను మధ్యలో ఎక్కడా ఆపలేదు. చివర్లో, "నేను కూడా ఆ పిల్లనే అన్నాను కదండీ, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావని" అంది. అదీ రాయమంది.

ఇరవై ఎనిమిదో తారీఖు ఆదివారం పొద్దున బండికి రేపల్లె వస్తున్నాను. నీ గదికి రాను, మాణిక్యమ్మగారి ముందు నిన్ను ఇబ్బంది పెట్టను. స్టేషన్లో దిగి, బయట బెంచీ మీద కూర్చుంటాను. నీకు రావాలనిపిస్తే రా. నాతో మాట్లాడాలని లేకపోతే ఊరికే వచ్చి ఆ చివర కూర్చున్నా చాలు. అసలు రాకపోయినా నేనేమీ అనుకోను, సాయంత్రం బండికి తిరిగి వెళ్ళిపోతాను. ఆ పై ఆదివారం మళ్ళీ వస్తాను. ఆ పై ఆదివారం కూడా వస్తాను.

ఇట్లు,
మీ అబ్బా
షేక్ మీరా మొహిద్దీన్